రహస్య నేస్తం – 14: తిరగేసిన ఫొటో

కిందటి వారం హిల్కాను ఈసల్మి ఊళ్ళో, తన వంటింట్లో, కంప్యూటరు ముందు వదిలిపెట్టాం. ఉల్పు అనే ముసలావిడ తన బ్లాగులో పెట్టే అల్లికల ఫొటోల్లో ఏదో తేడా ఉందని హిల్కాకు చాలా రోజులుగా అనిపిస్తూనే ఉంది. ఆడవాళ్ళ స్వెట్టరుకు గుండీలు మగవాళ్ళ చొక్కాకున్నట్టు కుడి అంచున ఉన్నాయి. ఎడమచేతికి ఉండాల్సిన ఊలు పోగు కుడిచేతి వేలికి చుట్టుకుని ఉంది. చేతిగడియారం కూడా కుడిచేతికే. ముప్పై ఎనిమిదేళ్ళు బడిపిల్లలకు అల్లిక నేర్పిన మనిషి అది చూసి ఊరుకోలేకపోయింది. మౌసు ఒక్క నొక్కు నొక్కి ఫొటోను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పేసింది.

అన్నీ ఎక్కడుండాల్సినవి అక్కడికి వచ్చాయి. వాటితోపాటు మూల గట్టుమీద మసక మసగ్గా కనపడే జామ్ సీసా మీది పిచ్చిగీతలు కూడా అక్షరాలయ్యాయి. "సైలాకు, హిల్కా నుంచి." తన చేతిరాత. తను కిందటి శరత్కాలంలో, కువోపియోలో ఉండే స్నేహితురాలు సైలాకు ఇచ్చిన లింగన్‌బెర్రీ జామ్ సీసా.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి హిల్కా కువోపియో వెళ్ళే రైలెక్కింది. ఫోను చేసి అడగొచ్చు. కానీ ఫోనులో తెగిపోయిన స్నేహాలు మళ్ళీ అతకవని ఆమెకు అనుభవం. అవతలివాళ్ళు ఫోను పెట్టేసిన చప్పుడే చివరి మాటగా మిగిలిపోతుంది. మనిషి ఎదురుగా ఉంటే కనీసం తలుపు దాకా వచ్చి సాగనంపుతుంది కదా.

రైలు కిటికీ అవతల తెల్లటి పొలాలు, నల్లటి అడవి, మళ్ళీ తెల్లటి సరస్సు. హిల్కా చేతిసంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. అందులో రెండు కాగితాలున్నాయి. ఉల్పు పెట్టినట్టే ఉన్న ఫొటో ఒకటి, తిప్పిన ఫొటో ఒకటి.

రహస్య నేస్తం ఆటను అల్లికల బ్లాగుల ఆడవాళ్ళు ఏడాదికోసారి ఆడతారు. ఈసారి అరవై ముగ్గురు చేరారు. చీటీలు వేసి ఎవరికి ఎవరో తేలుస్తారు. ఎవరి చీటీ వచ్చిందో వాళ్ళకు నెలకొకటి చొప్పున మూడు పార్సిళ్ళు పంపాలి. ఊలు, సూదులు, చాక్లెట్లు, ఏదో ఒకటి స్వయంగా అల్లింది. పంపినవాళ్ళ పేరు ఉండకూడదు. అందుకున్నావిడ ఆనందంతో ఫొటోలు తీసి బ్లాగులో పెట్టుకుంటుంది. పంపినావిడ పేరు లేకుండా కింద కామెంట్లు రాస్తూ ఊరిస్తుంది. మూడో పార్సిలుతో ముసుగు తీస్తుంది. ఈ ఆటకు పెద్దలు ఇద్దరే: హిల్కా, సైలా.

అరవై ముగ్గురిలో ఒకరి చిరునామా మాత్రం సైలా దగ్గర లేదు. "మూడో సూది" అనే బ్లాగు రాసే పిరితాది. రెండేళ్ళ కిందట పిరితా ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని, ఒక్క సంచితో, మొగుడి దగ్గర్నుంచి పారిపోయింది. ఆమె ఎక్కడుంటోందో సర్కారు కాగితాల్లో కూడా ఎవరికీ కనపడకుండా దాచారు. ఆ సంగతి ఆమె ఒక్క హిల్కాకే చెప్పుకుంది, మొగుడి పేరు మాత్రం ఎప్పుడూ పలకలేదు. అందుకే పట్టికలో పిరితా పేరు పక్కన "హిల్కా ద్వారా" అని ఉంటుంది. పార్సిలు ఈసల్మికి వస్తే హిల్కా పైకాగితం మార్చి కయానీలో పిరితా ఇంటికి పంపేది.

ఈసారి పిరితా చీటీ ఉల్పుకు వచ్చింది. ఉల్పు పంపిన మొదటి రెండూ అలాగే వెళ్ళాయి. మూడోదాని ముందు ఉల్పు ఉత్తరం రాసింది. "మా అమ్మమ్మ కాలం నుంచి ఇంట్లో బతికిస్తున్న రై రొట్టెల పిండికి తోడులా వేసే పులుపు పిండి సీసాలో పెట్టి పంపుతున్నానమ్మా. రెండు పోస్టులు తిరిగితే ఈ చలికి చచ్చిపోతుంది. నేరుగా పంపనివ్వు" అని.

హిల్కా రెండు రోజులు ఆలోచించింది. ఉల్పు బ్లాగు మళ్ళీ తెరిచి ఆమె అల్లిన మేజోళ్ళ మడమలు చూసింది. ఒక్క అల్లిక కన్ను కూడా సాగలేదు. ఇంత ఓపిగ్గా మడమ అల్లిన చెయ్యి అబద్ధం ఆడదు అనుకుంది. గురువారం చిరునామా పంపింది.

రైలు లాపిన్‌లహ్తీలో ఆగి కదిలింది. హిల్కా తనకు తాను సర్దిచెప్పుకుంది. ఉల్పు అనే మనిషే లేదనుకో. సైలానే ఆ పేరుతో రాస్తోందనుకో. అప్పుడు పిరితా చిరునామా సైలా చేతిలో ఉన్నట్టే. పిరితాకు వచ్చిన ముప్పు ఏమీ లేదు. ముప్పల్లా తమ ఇద్దరి స్నేహానికే. అలా అనుకుంటే ఊపిరి కొంచెం తేలికగా ఆడింది. 

ఇలాంటి మోసాలు కొత్తవి కావు. హిల్కా రోజూ పొద్దున్నే చదివే బ్లాగులు అరవై దాకా ఉంటాయి. వంటల బ్లాగుల్లో గొడవంతా ఎవరి కేకు ఎవరు దొంగిలించారనే. ఇళ్ళ బ్లాగుల్లో గోడలన్నీ తెల్లగానే ఉంటాయి, మనుషులు కనపడరు. పూటకో గౌను వేసుకుని ఫొటో దిగే పడుచుపిల్లల బ్లాగుల కింద పేరులేని వాళ్ళు రాసే రాతలు చదివితే అన్నం సయించదు. జబ్బు డైరీలు రాసేవాళ్ళకు ఒక్కో రాత్రి మూడొందల మంది కొవ్వొత్తి బొమ్మలు పెడతారు. వాటిలో ఒక డైరీ రాసే మనిషికి ఏ జబ్బూ లేదని మొన్న క్రిస్మస్‌కు బయటపడింది. అల్లికల బ్లాగుల్లో మాత్రం ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. "అబ్బ, ఎంత బాగుందో!" ఇదొక్కటే మాట. అడగాల్సిన మాట కూడా ఎవరూ అడగరు. ఉల్పు గుండీలు కుడివైపు ఎందుకున్నాయని అరవై ముగ్గురిలో ఒక్కరికీ నోరు రాలేదు. తనకూ రాలేదు.

సైలా ఇల్లు స్టేషనుకు పావుగంట నడక. నలభై రెండేళ్ళ మనిషి, పురుడుపోసే ఆస్పత్రిలో నర్సు, నవ్వితే వీధి చివరికి వినపడుతుంది. ఆరు నెలల నుంచి ఆ ఇంట్లో రౌనో అనే అతను కూడా ఉంటున్నాడు. హిల్కా అతన్ని ఒకేసారి చూసింది. మాట తక్కువ, మర్యాద ఎక్కువ.

తలుపు తీసిన సైలా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఓయబ్బో, టీచరమ్మా! చెప్పాపెట్టకుండా తనిఖీకొచ్చారా? ఇల్లంతా ఊలు ఉండలే. మార్కులు తీసెయ్యకండి మరి!"

"ముందు బూట్లు విప్పుకోనీ పిల్లా. మార్కులు తర్వాత."

"ముఖం అట్లా ఉందేంటి? రైల్లో మీ కిటికీ సీటు ఎవరైనా లాక్కున్నారా?"

"ఒక్కదానివే ఉన్నావా?"

"ఒక్కదాన్నే. రౌనో గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికెళ్ళాడు. వచ్చేటప్పుడు తెస్తానన్నాడు గానీ, కిందటిసారి తెచ్చినవి పిల్లికి కూడా చాల్లేదు." సైలా నవ్వుతూ వంటింట్లోకి దారితీసింది. "రండి, ఏలకుల బన్ను ఇప్పుడే పొయ్యిలోంచి తీశా. మీ ముక్కుకు అంత దూరం వాసనొచ్చిందా ఏంటి?"

హిల్కా కూర్చుంది. కాఫీ వచ్చింది. బన్ను వచ్చింది. ఆమె రెంటినీ ముట్టుకోలేదు. సంచి తెరిచి మొదటి కాగితం బల్లమీద పెట్టింది.

"ఇదెవరి చెయ్యి?"

సైలా మెడ సాచి చూసింది. "ఉల్పుగారిది. పైన పేరుందిగా. డ్యూటీలతో ఆవిడ బ్లాగు తెరిచి చూసే తీరికే దొరకలేదు నాకు. అబ్బో, అచ్చు కూడా వేయించుకున్నారా! అంత మోజుపడ్డారేంటి ఆవిడ మీద?"

హిల్కా రెండో కాగితం పక్కనే పెట్టింది. "ఇప్పుడు చెప్పు. ఇదెవరి చెయ్యి?"

నవ్వు సైలా పెదాల మీదే ఆగిపోయింది. ఆమె కాగితాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగుకు పట్టింది. ఒకసారి ఫొటోను, ఒకసారి తన ఎడమచేతిని చూసుకుంది. బొటనవేలి పక్కన కాలిన మచ్చ రెండింటికీ ఉంది.

"ఇది నా చెయ్యి" అంది నెమ్మదిగా.

"సీసా మీద ఏముందో కూడా చదువు."

సైలా చదవలేదు. చదవకుండానే తెలిసిపోయింది.

 రైల్లో హిల్కా అనుకున్న మాటలు వేరు. వచ్చిన మాటలు వేరు. "ఎందుకు చేశావే? రెండు పేర్లతో పార్సిళ్ళు అందుకోవాలనా? పొగడ్తల కోసమా? నీకు తక్కువైందేంటి? ఊలు కావాలంటే నన్నడిగితే ఇవ్వనా? ముసలిదాన్ని, మొగుడు పోయాడు, నువ్వొక్కదానివే ఉన్నావు నాకు మాట్లాడుకోడానికి. నాక్కూడా దొంగ పేరుతో ఉత్తరాలు రాస్తావా?"

"ఆగండాగండి." సైలా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నేను రాశానంటున్నారా? నేను?"

"నీ చెయ్యి, నీ వంటిల్లు, నీ సీసా."

"మూడు దొంగ పేర్లతో కామెంట్లు రాసుకుని తన మేజోళ్ళను తనే మెచ్చుకుని పట్టుబడిందే, తుర్కు ఊరి మహాతల్లి, ఆవిడనీ నన్నూ ఒక గాటన కడుతున్నారన్నమాట! నాలుగేళ్ళ స్నేహం! మీ తుంటి ఆపరేషనుకు పదిరోజులు మీ ఇంట్లో పడుకున్నానే, అప్పుడు కనపడలేదా నా దొంగ బుద్ధి?"

"అరవకు."

"అరుస్తాను! నా ఇంట్లో నేను అరుస్తాను!" సైలా కాగితాన్ని బల్లమీద కొట్టింది. "అసలీ ఫొటో నేనెక్కడా పెట్టలేదు. నా అల్లికల పుస్తకానికని దాచుకున్నవి ఇవన్నీ. ఇరవై రెండు నమూనాలు. అచ్చయ్యే దాకా పురుగుక్కూడా చూపించకూడదనుకున్నా. మీకు కూడా చూపించలేదు, చూపించానా? పదండి, కంప్యూటరులో చూపిస్తా."

ఆమె చూపించింది. ఫొటోలు వరసగా ఉన్నాయి. నీలం స్వెట్టరు, బూడిదరంగు మేజోళ్ళు, చేతి తొడుగులు. అన్నీ ఉల్పు బ్లాగులో ఉన్నవే. ఇక్కడ కుడిఎడమలు సరిగ్గా ఉన్నాయి. అంతే తేడా.

హిల్కాకు సైలా ముఖం వంక చూస్తే చాలు తెలిసిపోయింది. బడిలో అబద్ధం చెప్పే పిల్లల్ని ఆమె వేల మందిని చూసింది. ఈ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. స్నేహం దక్కింది అనుకుంది. మరుక్షణం ఇంకో ప్రశ్న లేచింది. సైలా కాకపోతే ఎవరు? గురువారం తను చిరునామా పంపింది ఎవరికి?

ఆమె మళ్ళీ ఫొటో కేసి చూసింది. ఎడమచేతిలో పోగు. కుడిచేతిలో సూది. రెండు చేతులూ అల్లికలో ఉన్నాయి.

"సైలా" అంది, తరగతిలో వెనక బెంచీ పిల్లను లేపి అడిగినంత నెమ్మదిగా. "నీ రెండు చేతులూ ఇక్కడే ఉన్నాయి. మరి ఫొటో ఎవరు తీశారు?"

"రౌనో" అంది సైలా. మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

ఫ్రిజ్ గుర్రుమని మొదలై మళ్ళీ ఆగింది.

"ఆయనే తీశాడు. అన్నీ ఆయనే తీశాడు. ఫొటోలు సర్దిపెడతానని..." సైలా గొంతు హెచ్చింది. "అయితే ఏంటి? ఆయనకెందుకు ముసలమ్మ వేషం? ఒక ముడి వెయ్యడం కూడా చేతకాదు ఆయనకి! మీరు మొదట్నుంచీ ఆయన్ని ఇష్టపడలేదు. నేనెవరితోనైనా కాస్త సుఖంగా ఉంటే చూళ్ళేరు, మీకు దూరమైపోతానని భయం!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. హిల్కా కళ్ళు మూసి తెరిచింది.

"నిజమే. నాకా భయం ఉంది. అది నా జబ్బు. ఇప్పుడు దాని సంగతి వదిలెయ్. అతను నీకెట్లా పరిచయం?"

"బ్లాగులోనే. మీకు తెలుసుగా. చనిపోయిన భార్య అల్లిన స్వెట్టరు మోచెయ్యి చిరిగింది, బాగుచేస్తారా అని కామెంటు రాశాడు. పార్సిలు చేసి పంపాడు. బాగుచేసిచ్చా. తీసుకోడానికి స్వయంగా వచ్చాడు. తర్వాత..." సైలా మెడ దగ్గర ఎర్రబడింది. "తర్వాత వెళ్ళలేదు."

"ఆ స్వెట్టరు ఇంట్లో ఉందా?"

"బీరువాలో ఉంది. ఎందుకు?"

"తీసుకురా."

ముదురాకుపచ్చ స్వెట్టరు. బరువైన ఊలు. హిల్కా దాన్ని ఒళ్ళో పరుచుకుని మోచెయ్యి చూడలేదు, ఛాతీ చూడలేదు. భుజాల మీదికి వేళ్ళు పోనిచ్చింది. అందరూ భుజాలు కుట్టి కలుపుతారు. కొందరు కుట్టకుండా రెండు సూదుల మీది కళ్ళను మూడో సూదితో కలిపి అల్లుతారు. అలా కలిపితే చిన్న గట్టులాంటిది లేస్తుంది. దాన్ని ఎవరైనా లోపలివైపు దాచుకుంటారు. బయటికి కనపడేలా వదిలి, అదే అందం అనే మనిషిని హిల్కా ఒక్కదాన్నే ఎరుగును. తన బ్లాగుకు కూడా ఆ పేరే పెట్టుకుంది.

గట్టు బయటికే ఉంది. రెండు భుజాలకీ.

"నేను గుర్తుపట్టా టీచరమ్మా" అంది సైలా. ఆమె గొంతులో కోపం పోయింది, పిల్లల గొంతులాంటిది వచ్చింది. "చూడగానే గుర్తుపట్టా. ఇది ఎవరి చెయ్యో నాకు తెలుసు, చూడండి అని, మూడో సూది బ్లాగు తెరిచి చూపించా. గొప్పకి. ఎవరి అల్లికైనా చూసి చెప్పెయ్యగలనని... ఆయన చాలాసేపు చూశాడు. చనిపోయిన మనిషిలాగా ఇంకొకళ్ళు కూడా అల్లుతారా అన్నాడు. ఏడ్చాడు. నేనే ఊరుకోబెట్టా."

"అతని భార్య చనిపోలేదు సైలా. కయానీలో ఉంది."

సైలా స్వెట్టరు మీంచి చెయ్యి వెనక్కి లాక్కుంది. 

హిల్కా చెప్పింది. దాచిన చిరునామా గురించి, పారిపోయిన రాత్రి గురించి, పిరితా పక్కటెముకలు రెండు విరిగి సరిగ్గా అతకకపోవడం గురించి. ఎక్కువ మాటలు పట్టలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది సైలా. "నాకు చెప్పుంటే... నేను ఆ స్వెట్టరు చూసిన రోజే..."

"ఆ రహస్యం నాది కాదు, చెప్పడానికి."

"చీటీలు కూడా ఆయనే తీశాడు టీచరమ్మా. నా టోపీలో వేసి ఊపి, నువ్వు తియ్యి, నీ చెయ్యి మంచిదని నేనే అన్నా. ఒక్కో పేరు పైకి చదివాడు, నేను రాసుకున్నా. ఉల్పుకి మూడో సూది వచ్చిందన్నాడు. చీటీ నేను చూడనే లేదు." ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. "నీలం ఊలు నాలుగు ఉండలు కనపడ్డంలేదని నెలంతా వెతికా. చిమ్మటలు తిన్నాయేమో అనుకున్నా. ఉల్పు రెండో పార్సిలులో పిరితాకి వెళ్ళింది అదేనా?"

అదే. హిల్కా తన చేతులతో ఆ నీలం ఊలును తిరిగి కట్టి పంపింది. ఎంత మంచి ఊలు పంపిందో ఈ ముసలావిడ అనుకుంటూ.

"ఒకటి చెప్పండి." సైలా తలెత్తింది. "పట్టికలో మీ ద్వారా అనే ఉంటుంది. ఆమె ఇల్లు ఎక్కడో ఆయనకి తెలియదు. తెలిసే దారి లేదు. అవునా?"

హిల్కా స్వెట్టరును మడతపెట్టసాగింది.

"టీచరమ్మా, అవునా?"

"గురువారం నేనే రాసి పంపాను" అంది హిల్కా. "వీధి పేరు. ఇంటి నంబరు. ఏ మెట్లదారిలో ఎక్కాలో ఆ గుర్తు. అన్నీ."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరు ఎవరిని ఏమనగలరు? చేతిపనిని చూసి మనిషిని గుర్తుపట్టగలనని ఒకరు గర్వపడ్డారు. చేతిపనిని చూసి మనిషిని నమ్మొచ్చని ఇంకొకరు అనుకున్నారు. ఆ రెంటినీ కలిపి అతను దారి వేసుకున్నాడు.

"ఎప్పుడెళ్ళాడు?" అంది హిల్కా.

"నిన్న పొద్దున్నే. చీకటితోనే."

"ఎటువైపు?"

"ఉత్తరానికి అన్నాడు. ఔలు సరస్సు మీద చేపలు బాగా పడుతున్నాయట." సైలా ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఔలు సరస్సు ఒడ్డునేగా కయానీ?"

హిల్కా రైలెక్కి వచ్చింది దక్షిణానికి. కయానీ ఈసల్మికి ఉత్తరాన. పొద్దున్న ఈసల్మిలో అదే ప్లాట్‌ఫారం మీద నిలబడి, అటు వెళ్ళే రైలును వదిలేసి ఇటు వచ్చింది, స్నేహం గురించి అడగడానికి.

ఆమె సంచిలోంచి ఫోనూ నోటుపుస్తకమూ తీసింది. "నీ ఫోనులో పోలీసులకు చెయ్. నూటపన్నెండు. కయానీ అని చెప్పు. ఈ పేజీలో చిరునామా ఉంది, చదివి వినిపించు. అతని పేరు, కారు నంబరు, అన్నీ చెప్పు. ఏడవకు. చెప్పడం అయ్యాక ఏడుద్దువు గాని."

సైలా నోటుపుస్తకం అందుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. "హలో" అన్న ఆమె గొంతు నర్సు గొంతైంది. ఆ మార్పు విని హిల్కాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పిరితా నంబరు మోగింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"హిల్కమ్మా!" పిరితా గొంతు ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది. "నూరేళ్ళు మీకు! ఇప్పుడే మీకు చేద్దామనుకుంటున్నా."

"పిరితా, తల్లీ, నేను చెప్పేది..."

"ముందు నేను చెప్తా, మీరు నవ్వాలి. నా రహస్య నేస్తం ముసుగు తీసేసింది! రాత్రి బ్లాగులో కామెంటు పెట్టింది. ఉల్పుగారట! ఆవిడ ఉండేది ఈ ఊళ్ళోనేనట హిల్కమ్మా, వంతెన అవతల! పులుపు పిండి సీసాని చలికి పోస్టులో పంపడానికి మనసొప్పలేదట, తనే తెచ్చిస్తానంది. బ్లాగంతా పండగ చేసుకుంటోంది. నలభై కామెంట్లు వచ్చాయి. అదృష్టవంతురాలివి, ఫొటోలు పెట్టు, మా తరఫున కూడా కావలించుకో అని."

"పిరితా..."

"నాకు తెలుసు మీరేమంటారో. కొత్తవాళ్ళకి తలుపు తియ్యొద్దంటారు. రాత్రంతా నేనూ అదే అనుకున్నా. కానీ చిరునామా మీరే ఇచ్చారని రాసింది కదా. మీరు పరీక్ష పెట్టకుండా ఎవరికీ ఇవ్వరని నాకు తెలుసు. రెండేళ్ళయింది హిల్కమ్మా, ఈ ఇంట్లోకి చుట్టం వచ్చి. మంచి కప్పులు తీశా. కాఫీ పెట్టా. కిటికీలో నిలబడి చూస్తుంటే నాకే నవ్వొస్తోంది, పెళ్ళిచూపుల్లాగా."

"ఉల్పు అనే మనిషి లేదు" అంది హిల్కా. ఆమె అరవలేదు. అరిస్తే పిరితా కొయ్యబారిపోతుందని ఆమెకు తెలుసు. "పిరితా, విను. అది మీ ఆయన, రౌనో. తలుపు గడియ వెయ్యి. గొలుసు కూడా వెయ్యి. పోలీసులకు చెప్తున్నాం. పాపను స్నానాల గదిలోకి తీసుకెళ్ళి లోపల్నుంచి గడియ పెట్టుకో. ఇప్పుడే."

 అవతల కాఫీ బుడబుడమంటున్న శబ్దం వినపడింది.

"పిరితా?"

"వెన్లా ఇక్కడ లేదు." ఆ గొంతు పిరితాదిలా లేదు. "ఇప్పుడే కింద గంట మోగింది. వీధి తలుపు తాళం తీసి ఆవిడను తీసుకొస్తానని... నేను తీస్తానే, నేను తీస్తానే అంటూ... హిల్కమ్మా, అది మేజోళ్ళతోనే పరిగెత్తింది."

ఫోను గట్టుమీద పడ్డ చప్పుడు. కుర్చీ పడిపోయిన చప్పుడు. తలుపు బార్లా తెరుచుకుంది. ఆ తర్వాత ఫోనులోకి మెట్లన్నీ ఒక్కసారిగా వచ్చేసినట్టు ప్రతిధ్వని. "వెన్లా! తియ్యొద్దు! వెన్లా!" మూడంతస్తులు దిగుతున్న పిరితా అడుగులు. వాటికి ముందుగా, చాలా కిందుగా, తేలిగ్గా పడుతున్న ఇంకెవరివో అడుగులు. అవి ఆగిపోయాయి.

కువోపియోలో, కిటికీ దగ్గర, సైలా వీధి పేరు రెండోసారి విడమరిచి చెప్తోంది. హిల్కా ఆమెను ఊరుకోమని చెయ్యెత్తింది. ఫోనును చెవికి అదిమిపెట్టింది.

ఎక్కడో కింద బరువైన తలుపు ఈడ్చుకుంటూ తెరుచుకుంది. గాలి లోపలికి కొట్టింది. ఆ గాలిలోంచి పిల్ల గొంతు స్పష్టంగా మెట్లెక్కి వచ్చింది.

"నాన్నా?"

ఆ పిలుపులో ఉన్నది భయమో, సంతోషమో హిల్కాకు తెలియలేదు. పిరితా అడుగులు మెట్ల మధ్యలో ఆగిపోయాయి. తలుపు మూసుకుంది.